చిన్న కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ: పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

లోలకం (ప్రశ్న)

ఫిజిక్స్‌లో నాలుగేళ్ల డిగ్రీకి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి చిన్న కాలేజీ, ఫిజిక్స్ విభాగంలో అధ్యాపకులు నలుగురే. రెండోది పెద్ద యూనివర్సిటీ. ఏ దేశపు డబ్బుకైనా పనికొచ్చేలా ఒక కొలత పెట్టుకున్నాను: డిగ్రీ లేకుండా ఇప్పుడే ఉద్యోగంలో చేరితే తొలి ఏడాది జీతం 100, పన్నులు పోను చేతికొచ్చేది 90.

చిన్న కాలేజీ ఫీజు ఏడాదికి 60. అందులో 25 స్కాలర్‌షిప్ కింద పోతుంది. పెద్ద యూనివర్సిటీ ఫీజు 50, స్కాలర్‌షిప్ లేదు. రెండు చోట్లా ఫీజు ఏటా 5 శాతం పెరుగుతుంది. హాస్టల్ ఖర్చు ఇంచుమించు సమానం. మొత్తం మీద 100 దాకా అప్పు చెయ్యాలి, వడ్డీ 8 శాతం.

35 ఎక్కడ, 50 ఎక్కడ, చిన్న కాలేజీలో చేరడమే లాభం అని ఇంట్లో తేల్చేశారు. అంత సులువైన లెక్కేనా ఇది? ఇంకేం చూడాలి?

సున్నావడ్డీ

35కీ 50కీ తేడా తొలి ఏడాది సంగతి. స్కాలర్‌షిప్ ఉత్తరంలో 25 అనేది స్థిరమైన మొత్తమా, ఫీజుతో పాటు పెరుగుతుందా చూడండి. చాలా చోట్ల అది స్థిరం. అలాగైతే కట్టాల్సింది వరసగా 35, 38, 41.2, 44.5 అవుతుంది. ఫీజు నాలుగో ఏటికి 16 శాతం పెరిగితే మీ జేబులోంచి పోయేది 27 శాతం పెరుగుతుంది. నాలుగేళ్లకు కలిపి 159. పెద్ద యూనివర్సిటీకి ఇదే లెక్క వేస్తే 215 పైచిలుకు. అంటే చిన్న కాలేజీ మొత్తం మీద 57 చవక. ఈ 57ను గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

తిండీ బసా డిగ్రీ ఖర్చులో వెయ్యకండి, ఉద్యోగం చేసినా తినాలి కదా. ఇంట్లో ఉంటే అయ్యే దానికంటే హాస్టల్లో ఎంత ఎక్కువో అంతే వెయ్యాలి. అయితే ఎంత అప్పు కావాలో చూసేటప్పుడు మాత్రం మొత్తం వెయ్యాలి, ఎందుకంటే ఆ నెల ఆ డబ్బు చేతిలో ఉండాలి. ఈ రెండు లెక్కల్నీ కలిపేస్తే రెండూ తప్పుతాయి.

అసలు ఖర్చు ఫీజు కాదు, వదులుకునే జీతం. 90తో మొదలై ఏటా 3 శాతం పెరిగితే నాలుగేళ్లకు 376. ఫీజుతో కలిపితే 535. డిగ్రీ తర్వాత చేతికి 120తో మొదలై ఏటా 5 శాతం పెరుగుతుందనుకుందాం. అవతల డిగ్రీ లేని మనిషి కూడా అప్పటికి 101 దగ్గరుంటాడు. కాబట్టి తొలి ఏడాది తేడా 30 కాదు, 19 లోపే. ఇలా ఏటేటా తేడాలు కూడుకుంటూ పోతే 535 తిరిగొచ్చేసరికి డిగ్రీ చేతికొచ్చి 13 ఏళ్లవుతుంది. రేపటి రూపాయి విలువ నేటి రూపాయి కంటే తక్కువని ఏటా 4 శాతం తగ్గించి చూస్తే 17 ఏళ్లు.

ఇవి మీ కొలతతో నేను వేసుకున్న అంకెలు. మీ దగ్గర నిజమైనవి ఉంటే స్ప్రెడ్‌షీటులో మార్చుకోండి. మార్చగానే ఒకటి గమనిస్తారు: ఫలితాన్ని ఎక్కువగా కదిలించేది తొలి జీతం కాదు, 3కీ 5కీ మధ్యనున్న ఆ 2 శాతం. ఏటా పెరుగుదల ఉన్న పనిలోకి వెళ్తే ఈ డిగ్రీ గట్టెక్కుతుంది, లేకపోతే లేదు.

ఇక అప్పు. ఏటా మొదట్లో 25 చొప్పున తీసుకుని, వడ్డీ ఏటా అసలులో కలుస్తుంటే నాలుగేళ్ల చివర 122. కిస్తీలు మొదలయ్యే ముందు ఆరు నెలల గడువిస్తే 126.5. పదేళ్ల కిస్తీల్లో తీర్చితే నెలకు 1.53, మొత్తం 184. చదువుకుంటూనే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే, ఆరు నెలల గడువుతో సహా ఆ వడ్డీ 24, తర్వాతి కిస్తీలు 146, మొత్తం 170. ఏడాదికి 120 అంటే నెలకు చేతికొచ్చేది 10. అందులో 1.53 అంటే 15 శాతం. కిస్తీ పదో వంతు దాటకూడదనే హద్దు పెట్టుకుంటే మీరు చెయ్యదగ్గ అప్పు 65. 100 కాదు.

వెర్నియర్

పై లెక్క బాగుంది, కానీ నాలుగేళ్లలో డిగ్రీ పూర్తవుతుందని ముందే ఒప్పేసుకుంది. చిన్న విభాగంలో డబ్బు పోయే చోటు అక్కడే.

నలుగురు అధ్యాపకులతో పై స్థాయి కోర్సులన్నీ ఏటా నడపడం కుదరదు. క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, క్వాంటమ్ మెకానిక్స్, థర్మల్ ఫిజిక్స్, అడ్వాన్స్‌డ్ ల్యాబ్: వీటిలో సగం ఏడాది విడిచి ఏడాది పెడతారు. వీటి కింద ముందు చదవాల్సినవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. క్యాల్క్యులస్ రెండు భాగాలు, ఆపైన బహుచరాల క్యాల్క్యులస్, అవకలన సమీకరణాలు. వాటి పక్కనే మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, ఆధునిక భౌతికశాస్త్రం. తొలి సెమిస్టర్లో క్యాల్క్యులస్‌లో కూర్చోబెట్టకుండా దాని కిందిమెట్టులో కూర్చోబెట్టారంటే గొలుసంతా ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. పెద్ద యూనివర్సిటీలో దాని నష్టం ఒక సెమిస్టర్. చిన్న చోట క్వాంటమ్ మూడో ఏడు తప్పిపోతే మళ్లీ వచ్చేది ఐదో ఏడు.

ఆ ఐదో ఏడు ఖరీదెంతో వేసి చూడండి. ఫీజు అప్పటికి 73. స్కాలర్‌షిప్ సాధారణంగా ఎనిమిది సెమిస్టర్లకే కాబట్టి 73 అంతా మీరే కట్టాలి. ఒక ఏడాది ఆలస్యంగా ఉద్యోగంలో చేరతారు కాబట్టి 120 పోతుంది. రెండూ కలిపి 193. నాలుగేళ్ల ఫీజు మొత్తం 159 అని పైన తేలింది కదా, ఆ ఒక్క ఏడాది దానికంటే ఎక్కువ.

ఇప్పుడు ఆ 57 తీయండి. 57ను 193తో భాగిస్తే 0.295. అంటే పెద్ద యూనివర్సిటీతో పోలిస్తే ఇక్కడ ఏడాది ఆలస్యమయ్యే అవకాశం 30 శాతం ఎక్కువ ఉంటే చవక అన్నది అక్కడితో సరి. ప్రవేశాల ఆఫీసువాళ్లు ఈ అంకె చెప్పరు. మీరే రాబట్టాలి, ఇలా:

కోర్సుల పుస్తకం చూడొద్దు, అందులో ఉన్నవన్నీ నడవవు. గత నాలుగేళ్లలో ప్రతి సెమిస్టర్లో నిజంగా నడిచిన కోర్సుల టైమ్‌టేబుల్ అడగండి, ఒక్కో దానిలో ఎంతమంది కూర్చున్నారో కూడా. విద్యార్థులు చాలక రద్దయిన కోర్సు ఉందేమో, రద్దయితే ఏం చేశారో అడగండి. ఒక అధ్యాపకుడి దగ్గర విడిగా చదివించి క్రెడిట్ ఇచ్చే పద్ధతి ఉంటే ఐదో ఏడు తప్పుతుంది. కానీ అది ఆ అధ్యాపకుడి దయ మీద నడిచేదా, రాతపూర్వక నియమమా అన్నది తేల్చుకోవాలి. రాబోయే నాలుగేళ్లలో రిటైరయ్యేవాళ్లు, ఏడాది పరిశోధన సెలవు మీద వెళ్లేవాళ్లు ఎవరో కూడా. నలుగురిలో ఒకరు లేకపోతే పావు విభాగం లేనట్టే.

చివరగా, ఫిజిక్స్‌లో చేరిన వాళ్లెందరు, నాలుగేళ్లలో ఫిజిక్స్ డిగ్రీతోనే బయటికొచ్చిన వాళ్లెందరు? కాలేజీ మొత్తానికి ఇచ్చే శాతం వేరు, ఈ విభాగం శాతం వేరు.

గడియారపు_ముల్లు

స్కాలర్‌షిప్ షరతు గురించి ఎవరూ అనలేదు. సగటు గ్రేడు ఫలానా దానికి తగ్గకూడదని ఉంటుంది. ఫిజిక్స్, గణితం కోర్సుల్లో మార్కులు మిగతా వాటికంటే బిగించి వేస్తారు. అందరికీ ఒకే కట్‌ఆఫ్ ఉంటే దెబ్బ తగిలేది వీళ్లకే. తొలి ఏడాది చివర పోయిందనుకోండి, మిగతా మూడేళ్లకు 75 అదనం. 159 కాస్తా 234 అవుతుంది, పెద్ద యూనివర్సిటీ 215ను దాటేసింది. కట్‌ఆఫ్ ఎంత, తగ్గితే ఒక సెమిస్టర్ గడువిస్తారా, ఒకసారి పోయాక మళ్లీ వస్తుందా: ఈ మూడూ ఉత్తరంలో లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్లో విన్నది లెక్కలోకి రాదు.

నికరలాభం

అసలు ఫిజిక్సే ఎందుకండీ? అదే డబ్బుతో ఇంజనీరింగ్ చేస్తే ఈ గొడవే లేదు. నాలుగేళ్ల తర్వాత ఫిజిక్స్ అని ఉద్యోగ ప్రకటన ఒక్కటి చూపించండి.

బోలోమీటర్

నికరలాభం గారి మాటలో సగం నిజం. ఫిజిక్స్ డిగ్రీ వృత్తి లైసెన్సు కాదు. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించడానికి 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందం లాంటివి ఫిజిక్స్‌కు వర్తించవు. ఇంజనీరుగా సంతకం పెట్టాల్సిన పనులు, వంతెనలూ పవర్ లైన్లూ లాంటివి కావాలంటే ముందే ఇంజనీరింగ్‌లో చేరాలి. ఆస్పత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్ కావాలన్నా డిగ్రీ చాలదు. దానిపైన మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ చేసి, ఆస్పత్రిలో శిక్షణ కూడా పొందాలి. బళ్లో చెప్పాలంటే చాలా చోట్ల బోధన అర్హత విడిగా తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. ఇంజనీరింగ్‌తో పోల్చేటప్పుడు ఆ 376 లెక్కలోంచి ఎగిరిపోతుంది, జీతం రెండు వైపులా వదులుకుంటున్నారు కాబట్టి. ఫీజు తేడా, పట్టే కాలం, తొలి జీతం, పెరుగుదల మాత్రమే మిగులుతాయి. ఆ పోలికలో తొలి జీతం దగ్గర ఫిజిక్స్ వెనకబడటం మామూలే.

మిగతా సగం: "ఫిజిసిస్ట్" అని ప్రకటన వెయ్యరు. టెస్ట్ ఇంజనీర్, ప్రాసెస్ ఇంజనీర్, ఆప్టిక్స్ టెక్నీషియన్, డేటా అనలిస్ట్, అప్లికేషన్స్ ఇంజనీర్ అని వేస్తారు. సెమీకండక్టర్ ఫ్యాబుల్లో (చిప్పులు తయారుచేసే కర్మాగారాల్లో), లేజర్లు, సెన్సర్లు, వ్యాక్యూమ్ పరికరాలు చేసే కంపెనీల్లో ఫిజిక్స్ వాళ్లను తీసుకుంటారు. తీసుకునేది మాత్రం చేతులతో ఏం చెయ్యగలరన్నది చూసి.

అందుకే ల్యాబ్‌లోకి వెళ్లి చూడాలి. గోడకున్న పోస్టర్లు కాదు, పరికరాలు. పరమాణువులు శక్తిని నిర్దిష్టమైన మోతాదుల్లోనే తీసుకుంటాయని చూపే ఫ్రాంక్-హెర్ట్జ్ ప్రయోగం నడిపించమనండి. పాదరసం ట్యూబు 170, 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడెక్కితే కరెంటు శిఖరాలు 4.9 వోల్టుల ఎడంతో వస్తాయి. ట్యూబు చాలినంత వేడెక్కకముందే వోల్టేజి పెంచేస్తే అయనీకరణం మొదలై శిఖరాలు కనబడవు. అది ఎందుకు జరిగిందో అక్కడున్న మూడో ఏడు విద్యార్థి చెప్పగలిగితే ఆ ల్యాబ్ నడుస్తున్నట్టు. "ఓవెన్ పాడై రెండేళ్లయింది, పాత డేటా ఇస్తారు" అంటే అడ్వాన్స్‌డ్ ల్యాబ్ కాగితం మీదే ఉన్నట్టు. సీజియం-137 గామా శిఖరాన్ని 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పట్టి డిటెక్టర్‌ను కాలిబ్రేట్ చెయ్యడం, మ్యూయాన్ అనే కణం సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు రాబట్టడం కూడా ఇలాంటివే. మ్యూయాన్ ప్రయోగానికి రోజుల తరబడి డేటా పోగవ్వాలి. చిన్న కాలేజీలో మంచి సంగతేమంటే ఆ డిటెక్టర్ అన్ని రోజులూ ఒక్కరికే వదిలెయ్యగలరు. పెద్ద చోట బెంచీకి నలుగురు, తలా మూడు గంటలు.

నాలుగేళ్లలో చేతికి రావాల్సినవి: పైథాన్‌లో డేటా అమర్చి దోషాల అంచనాతో సహా గ్రాఫ్ గీయడం, ఆసిలోస్కోప్, లాక్-ఇన్ యాంప్లిఫయర్ (గోలలోంచి బలహీనమైన సంకేతాన్ని పట్టే పరికరం), సోల్డరింగ్, టర్బో పంపుతో వ్యాక్యూమ్ తెచ్చి హీలియంతో లీకు పట్టడం. చివరిది అన్ని చోట్లా ఉండదు, ఉంటే మాత్రం సెమీకండక్టర్ వైపు నేరుగా పనికొచ్చేది అదే. బయోడేటాలో "క్వాంటమ్ మెకానిక్స్ చదివాను" అన్నది ఎవరికీ ఏమీ చెప్పదు. "సింటిలేటర్ డిటెక్టర్‌కు టైమింగ్ సర్క్యూట్ కట్టి, ఫలితాన్ని ఇంత దోషంతో కొలిచాను, కోడ్ ఇక్కడుంది" అన్నది చెబుతుంది.

కాలేజీ ఇచ్చే సగటు జీతాన్ని అసలు చూడొద్దు. ఏడాదికి అయిదుగురు పట్టభద్రులైతే, నలుగురికి 120, ఒకరికి 320 వచ్చినా సగటు 160 అవుతుంది. మధ్యస్థం, అంటే జీతాలను వరసలో పెడితే నడుమ వచ్చేది, 120 దగ్గరే ఉంటుంది. అయిదేళ్లవాళ్లను కలిపి, పేర్లు తీసేసి, ఒక్కొక్కరు ఏ పనిలో ఉన్నారో జాబితా ఇమ్మనండి. పాతిక మందే కాబట్టి చిన్న విభాగం ఇవ్వగలదు. అధ్యాపకులకు వాళ్లంతా గుర్తుంటారు కూడా.

నికరలాభం

సరే, ఒప్పుకుంటాను. కానీ మూడేళ్లు చిన్న కాలేజీలో, రెండేళ్లు ఇంజనీరింగ్ యూనివర్సిటీలో చదివి రెండు డిగ్రీలు తెచ్చుకునే ఒప్పందాలుంటాయి కదా. అది మంచి దారి కాదా?

వెర్నియర్

కాగితం మీద మంచిదే. ఇదీ ఐదేళ్ల దారే కాబట్టి ఆ 120 ఎలాగూ పోతుంది. చివరి రెండేళ్ల ఫీజు ఆ యూనివర్సిటీది, అక్కడ మీ 25 చెల్లదు. మారడానికి గ్రేడు షరతు ఉంటుంది. పైగా నేను చెప్పిన గొలుసు నాలుగేళ్లలో కాకుండా మూడేళ్లలో పూర్తవ్వాలి, ఏడాది విడిచి ఏడాది వచ్చే కోర్సులతో అది ఇంకా ఇరుకు. గత అయిదేళ్లలో ఈ దారిన వెళ్లి నిజంగా రెండు డిగ్రీలూ తెచ్చుకున్నవాళ్లు ఎందరని అడగండి. ఇద్దరో ముగ్గురో ఉంటే పరిశీలించొచ్చు. ఒక్కరూ లేకపోతే అది బ్రోచర్ కోసం పెట్టిన మాట.

లోలకం (ప్రశ్న వేసినవారు)

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పీహెచ్‌డీకి వెళ్తే ఈ లెక్క ఎలా మారుతుంది? చదువు మధ్యలో కాలేజీవాళ్లు ఫిజిక్స్ విభాగమే మూసేస్తే?

సున్నావడ్డీ

పీహెచ్‌డీ: చాలా దేశాల్లో ఫిజిక్స్ పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండో జీతమో ఇస్తారు. మాస్టర్స్ ఎక్కువగా సొంత డబ్బుతోనే. కాబట్టి పీహెచ్‌డీకి కొత్త అప్పు ఉండకపోవచ్చు, వదులుకునే జీతం మాత్రం ఉంటుంది. ఆరేళ్లు, ఏడాదికి 60 స్టైపెండ్ అనుకుంటే 360 వస్తుంది. అదే ఆరేళ్లు 120తో మొదలైన ఉద్యోగంలో 816 వచ్చేది. తేడా 456. దాన్ని డబ్బు కోసం చేసే పనిగా చూడకపోవడమే మంచిది. మీ పాత అప్పు మీద ఆ ఆరేళ్లూ వడ్డీ ఆగుతుందా, పెరుగుతుందా అన్నది అప్పు పత్రంలో చూసుకోండి. 126.5 మీద 8 శాతం ఆరేళ్లు పెరిగితే 200 దాటుతుంది.

బోలోమీటర్

పీహెచ్‌డీ ప్రవేశానికి చిన్న కాలేజీ వల్ల ఒక లాభం, ఒక నష్టం. సిఫార్సు లేఖ రాసే అధ్యాపకుడికి మీరు బాగా తెలుసు, రెండు పేజీలు ప్రయోగాల వివరాలతో రాయగలరు. కానీ ఆయన పరిశోధన ఆపేసి చాలా కాలమైతే చదివేవాళ్లకు ఆయన ఎవరో తెలియదు. రెండో ఏడు, మూడో ఏడు వేసవుల్లో బయటి ల్యాబులో పనిచేసి అక్కడి నుంచి ఒక లేఖ తెచ్చుకోవాలి. జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో నడిచే వేసవి విద్యార్థి కార్యక్రమం లాంటి డబ్బిచ్చే చోట్లు ఉన్నాయి, వాటి గడువులు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తాయి. ఇంకో విషయం: క్వాంటమ్, ఎలక్ట్రోడైనమిక్స్ ఒక్కో సెమిస్టరే చెప్పే చోట చదివితే పీహెచ్‌డీ తొలి ఏడాది కోర్సుల్లో ఊపిరాడదు. రెండో సెమిస్టర్ ఉందా లేదా ఇప్పుడే చూసుకోండి.

వెర్నియర్

మూసివేత సంగతి. ఖర్చు తగ్గించాలనుకున్న కాలేజీ ముందు చూసేది విద్యార్థులు తక్కువ, పరికరాల ఖర్చు ఎక్కువ ఉన్న విభాగాన్నే, అందులో ఫిజిక్స్ తొందరగా కనబడుతుంది. ఆడిట్ చేసిన లెక్కలు దొరికితే మూడు చూడండి: మొత్తం విద్యార్థుల సంఖ్య అయిదేళ్లుగా తగ్గుతోందా, ఆదాయంలో ఫీజుల వాటా ఎంత, స్కాలర్‌షిప్పుల కింద వదులుకునే భాగం ఏటేటా పెరుగుతోందా. మూడూ చెడుగా ఉంటే మీ 25 కూడా ఆ ఇబ్బందిలోంచి వచ్చినదే.

విభాగం మూసినా అప్పటికే చేరినవాళ్లను పూర్తిచేయనిచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది, రాతలో ఉందా అడగండి. మారాల్సి వస్తే కొత్త చోట డిగ్రీ ఇవ్వడానికి కనీసం ఇన్ని క్రెడిట్లు తమ దగ్గరే చదవాలనే నియమం అడ్డొస్తుంది. మూడో ఏడు చివర మారితే అందులోనే ఒక ఏడాది పోవచ్చు. రెండో ఏడు ముగిసేలోపు మారితే నష్టం తక్కువ. అందుకని ప్రతి కోర్సు సిలబస్, ల్యాబ్ రికార్డు, వాడిన పాఠ్యపుస్తకం పేరు ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటూ రండి. కొత్త చోట క్రెడిట్ ఇవ్వాలా వద్దా అని చూసే అధ్యాపకుడు అడిగేవి ఇవే.

గడియారపు_ముల్లు

స్కాలర్‌షిప్ ఉత్తరం మళ్లీ తీసి "పూర్తికాల విద్యార్థి" అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. కష్టమైన కోర్సు ఒకటి సెమిస్టర్ మధ్యలో వదిలేస్తే క్రెడిట్లు ఆ హద్దు కిందికి పడి, గ్రేడు బాగున్నా 25 పోయే వీలుంది. వదిలేసే ముందు ఆర్థిక సహాయం ఆఫీసుకు వెళ్లాలి, తర్వాత కాదు.